యంత్రముల మాట, మనుష్యుల పరీక్ష

మన ఇండ్లలో రేడియో ఉన్నది. దానిని విజయవాడలో కొన్నను, హైదరాబాదులో కొన్నను, ఏ కంపెనీవారు చేసినదైనను, మీట త్రిప్పిన వెంటనే కేంద్రము పలుకును. ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏమున్నదని మనకు తోచవచ్చును. కాని ఏ తరంగము మీద, ఏ పద్ధతిని పలుకవలెనో ప్రసారము చేయువారును, సెట్లు తయారుచేయువారును ముందుగా ఒక ఒప్పందమునకు వచ్చియుండనిచో, ఒక్కొక్క కేంద్రమునకు ఒక్కొక్క సెట్టు కొనవలసి వచ్చెడిది. పెద్ద భవనములలోని యంత్రముల విషయమున ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకముల వరకు సరిగా ఇట్టి అవస్థయే ఉండినది. ఆ అవస్థనుండి బయటపడుటకు ఇంజనీర్లు ఒక ఉమ్మడి భాషను కల్పించినారు. ఆ భాష తమకు వచ్చునని చెప్పుకొన్న యంత్రములను ఎదురెదురుగా కూర్చుండబెట్టి, నిజముగా వచ్చునో రాదో పరీక్షించినారు. భాష పుట్టిన కథను చెప్పువారు పలువురు కలరు. పరీక్షల కథను చెప్పువారు తక్కువ. అయినను ఆ భాషకు విలువను తెచ్చినది పరీక్షయే.

ముందుగా ఒక పెద్ద కార్యాలయ భవనమును మనస్సులో ఊహింతము. దాని నేలమాళిగలో నీటిని చల్లబరచు యంత్రములు, బాయిలర్లు, పంపులు ఉండును. అంతస్తు అంతస్తునకు గాలిని పంపు పంకాలు, గాలిదారులను మూయుచు తెరచుచుండు రెక్కలు, గదిగదికి వేడిని కనిపెట్టుచుండు సాధనములు ఉండును. వీనికి తోడు లిఫ్టులు, దీపములు, మీటర్లు. ఇవి ఒకదాని సంగతి ఒకటి తెలిసికొని నడచినచో విద్యుత్తు ఆదా అగును. తెలియక నడచినచో, ఒకే గదిని ఒక యంత్రము వేడిచేయుచుండగా మరియొకటి చల్లబరచుచుండును. రెండింటి ఖర్చును యజమాని భరించును.

ఇంధనము చౌకగా దొరకినంత కాలము ఈ దుబారాను ఎవరును పట్టించుకొనలేదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు ఎగుమతిని నిలిపివేసినప్పుడు పరిస్థితి మారినది. భవనములను వేడిచేయుటకు, చల్లబరచుటకు అగు ఖర్చుపై అందరి దృష్టియు పడినది. ఆ దేశమున ఈ విద్యకు సంబంధించిన ఇంజనీర్ల సంఘము ఆష్రే అను పేర ప్రసిద్ధము. ఆ సంఘమువారు 1975లో క్రొత్త భవనములలో శక్తి పొదుపునకు ఒక ప్రమాణమును ప్రకటించినారు. అదే కాలమున మైక్రోప్రాసెసరు చౌకయైనది. గాలి ఒత్తిడితో నడచిన పాత నియంత్రణ సాధనముల స్థానమును 1980 దశకములో చిన్న చిన్న కంప్యూటర్లు ఆక్రమింపసాగినవి.

కంప్యూటర్లు వచ్చినవి గాని, చిక్కు తీరలేదు. ప్రతి కంపెనీయు తన యంత్రములకు తన సొంత భాషను నేర్పినది. ఒక కంపెనీ యంత్రము పలికిన మాట మరియొక కంపెనీ యంత్రమునకు అర్థము కాదు. కనుక యజమాని మొదట ఎవరివద్ద కొన్నాడో, తరువాత విస్తరణకును, మరమ్మతునకును వారివద్దకే పోవలసి వచ్చినది. వారు చెప్పినదే ధర. వేరొకరి యంత్రమును కలుపవలెనన్నచో, నడుమ ఒక దుబాసీ యంత్రమును ప్రత్యేకముగా తయారుచేయించి పెట్టవలసి వచ్చెడిది. రెండు కొనలలో ఏ ఒక్కదాని సాఫ్ట్‌వేరు మారినను ఆ దుబాసీ మూగవోవుట కలదు.

ఈ చిక్కును తీర్చుటకై 1987లో ఆష్రే సంఘమువారు ఒక ఉపసంఘమును నియమించినారు. టెనెసీ రాష్ట్రములోని నాష్‌విల్ నగరమున అది మొదటిసారి సమావేశమైనది. అధ్యక్షుడు కార్నెల్ విశ్వవిద్యాలయములో భవనముల నియంత్రణ వ్యవస్థలను చూచుచుండిన మైకేల్ న్యూమన్. ఆయన యంత్రములను అమ్మువాడు కాడు. కొని, వానితో అవస్థపడువాడు. ఆ బల్లచుట్టు ఒకరితో ఒకరు పోటీపడు కంపెనీలవారును, కొనుగోలుదారులును, ప్రభుత్వ పరీక్షాశాలల శాస్త్రజ్ఞులును కూర్చున్నారు. వారి వాదోపవాదములు 8 సంవత్సరములు సాగినవి. ముసాయిదాలు ప్రజాభిప్రాయమునకు పెట్టబడినవి, ఆక్షేపణలు వచ్చినవి, తిరిగి వ్రాయబడినవి. తుదకు 1995లో బ్యాక్‌నెట్ అను పేర ఆ ప్రమాణము వెలువడినది. 2003లో అది అంతర్జాతీయ ప్రమాణము కూడ అయినది.

ఆ భాష యొక్క కీలకము సులభముగనే తెలియును. ఏ యంత్రమైనను తనలోని ప్రతి సాధనమును ఒక వస్తువుగా ఇతరులకు చూపవలెను. ఆ వస్తువునకు ఒక పేరు, ఇప్పటి విలువ, ఆ విలువకు కొలమానము మొదలైన లక్షణములు ఉండవలెను. గదిలోని వేడిని కొలుచు సాధనమును మరియొక యంత్రము ప్రశ్నించినచో, 24 అని మాత్రము చెప్పుట చాలదు; అది సెంటీగ్రేడు డిగ్రీలని కూడ తెలియజేయగలిగి ఉండవలెను. ప్రశ్న అడుగు పద్ధతి, జవాబు చెప్పు పద్ధతి, తప్పు జరిగినచో తెలుపు పద్ధతి, అన్నియు గ్రంథములో వ్రాయబడినవి.

కాని గ్రంథమున్నంత మాత్రమున భాష వచ్చినట్లా? వ్యాకరణమును కంఠస్థము చేసినవాడు సభలో మాటలాడగలడని నమ్మవచ్చునా? ఈ సందేహము అమెరికా ప్రభుత్వమువారి ప్రమాణముల సంస్థయైన నిస్ట్‌లోని శాస్త్రజ్ఞులకు ముందుగనే కలిగినది. మేరీలాండు రాష్ట్రములోని గేథర్స్‌బర్గ్‌లో ఉన్న వారి పరీక్షాశాలలో స్టీవెన్ బుష్బీ మొదలైనవారు ఈ పనికి పూనుకొన్నారు. వేరువేరు కంపెనీల యంత్రములను ఒకే తీగకు కలిపి, వాని సంభాషణను ఒక్కొక్క మాటగా విని చూచినారు. ఇందుకు కావలసిన పరీక్షా సాఫ్ట్‌వేరును తామే వ్రాసి ఉచితముగా అందుబాటులో ఉంచినారు.

అప్పుడు ఒక సూక్ష్మమైన భేదము స్పష్టమైనది. ప్రమాణమునకు లోబడి ఉండుట ఒకటి. కలసి పనిచేయుట మరియొకటి. ఒక ఉదాహరణమును చూడుడు. ఒక యంత్రము, విలువ మారినప్పుడు తానే కబురు పంపుమని ఎదుటి యంత్రమును కోరి, ఊరక ఎదురుచూచునట్లు తయారుచేయబడినది. ఎదుటిది అడిగినచో చెప్పును గాని తనంత తాను కబురు పంపు విద్య ఎరుగదు. ప్రమాణము రెండు పద్ధతులను అంగీకరించినది. అన్నింటిని ప్రతి యంత్రమును నేర్వవలెనని శాసింపలేదు. కనుక ఇద్దరును నియమమును తప్పలేదు. అయినను ఒకరు పిలుపుకొరకు, మరియొకరు కబురుకొరకు ఎదురుచూచుచు కూర్చుండగా గది చల్లబడలేదు. ఇట్టి లోపము గ్రంథమును ఎన్నిసార్లు చదివినను కనబడదు. రెండు యంత్రములను ఎదురెదురుగా పెట్టినప్పుడే బయటపడును. అందువలన ప్రతి కంపెనీయు తన యంత్రము ఏయే విద్యలు నేర్చినదో ఒక పత్రముపై వ్రాసి ఇచ్చు ఆచారము ఏర్పడినది.

ప్రయోగశాలలోని బల్లమీద గెలిచినది నిజమైన భవనములో గెలువవలెను గదా! 1990 దశకపు ద్వితీయార్ధమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరములోని గోల్డెన్ గేట్ వీథిలో ఉన్న ఒక పెద్ద ప్రభుత్వ భవనమును ఇందుకు ఎన్నుకొన్నారు. 1960 దశకములో కట్టబడిన ఆ భవనములో న్యాయస్థానములు, కార్యాలయములు కలవు. అందు పాత నియంత్రణ వ్యవస్థకు మారుగా బ్యాక్‌నెట్ పలుకు వ్యవస్థను అమర్చినారు. క్రొత్త భాషకు అది మొదటి పెద్ద నివాసమని చెప్పవచ్చును. నిస్ట్ వారు ఆ అనుభవమును పరిశీలించి, తరువాతివారికి ఉపయోగపడునట్లు నివేదికలను ప్రకటించినారు.

2003లో పరీక్షల కొరకే ప్రత్యేకమైన మరియొక ప్రమాణము వెలువడినది. ఏ ప్రశ్న అడుగవలెను, ఏ జవాబు వచ్చినచో ఉత్తీర్ణత, ఏది వచ్చినచో అపజయము అను సంగతులను అది వివరించినది. స్వతంత్రముగా పరీక్షించి ముద్ర వేయు ప్రయోగశాలలు ఏర్పడినవి. వీనికంటె ఆసక్తికరమైనవి ప్లగ్‌ఫెస్ట్ అను పేర జరుగు సమావేశములు. పోటీ కంపెనీల ఇంజనీర్లు తమ తమ యంత్రములను తెచ్చి, ఒకే హాలులో బల్లలపై అమర్చి, జతజతలుగా కూర్చుండి పరీక్షించుకొందురు. అక్కడ బయటపడిన లోపమును ఎవరును వెలుపల చాటరాదన్న నియమమున్నది. ఈ నియమము లేనిచో ఎవరును తమ లోపమును ఎదుటివారికి చూపుటకు ముందుకు రారు. అపహాస్యము లేని చోటనే తప్పు దిద్దుబాటగునన్న సత్యము యంత్రముల లోకమున కూడ చెల్లుచున్నది.

ఇంతవరకు చెప్పినది భవనము లోపల జరుగు సంభాషణ. ఇరవై ఒకటవ శతాబ్దములో ఆ లెక్కలు గోడలు దాటి వెలుపలికి పోవలసిన అవసరము వచ్చినది. 2009లో న్యూయార్కు నగరమువారు ఒక చట్టము చేసినారు. 50,000 చదరపు అడుగులకు మించిన భవనముల యజమానులు ఏటేట తమ విద్యుత్తు, గ్యాసు మున్నగువాని వాడకమును నగరమునకు నివేదింపవలెను. తరువాత ఈ పరిమితిని 25,000 చదరపు అడుగులకు తగ్గించినారు. నివేదికకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నడపు పోర్ట్‌ఫోలియో మేనేజరు అను లెక్కల వ్యవస్థను ఉపయోగింపవలెను. అది ఒక భవనపు వాడకమును అట్టి ఇతర భవనములతో పోల్చి, 1 నుండి 100 వరకు మార్కులు వేయును. 50 వచ్చినచో నడిమితరగతి. 75 లేక అంతకుమించి వచ్చినచో ఎనర్జీ స్టార్ గుర్తింపునకు అర్హత.

ఈ మార్కులు కేవలము కాగితముపై ఉండునవి కావు. 2020 నుండి ఆ నగరములోని పెద్ద భవనముల ద్వారము వద్ద, వచ్చిపోవువారికి కనబడునట్లు, ఒక అక్షరమును అంటింపవలసి వచ్చినది. 85 లేక అంతకుమించి మార్కులు వచ్చిన భవనమునకు మొదటి అక్షరము. 55కు తగ్గినదానికి నాలుగవ అక్షరము. 2019లో చేయబడిన మరియొక చట్టమును అనుసరించి, 2024 నుండి పరిమితికి మించిన ప్రతి మెట్రిక్ టన్ను కర్బన వాయువునకు 268 డాలర్ల జరిమానా నిర్ణయింపబడినది. ఇక లెక్కలో ఒక్క సున్న తప్పినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. నిజాయితీగా పొదుపు చేసిన యజమాని అపరాధియగును. దుబారా చేసినవాడు గౌరవమును పొందును. బాడుగకు ఇల్లు వెదకుచు వచ్చిన గృహస్థుడు ద్వారముపై అక్షరమును చూచి మోసపోవును.

వేలకొలది భవనముల లెక్కలను గుమాస్తాలు చేతితో ఎక్కింపజాలరు. కనుక విద్యుత్ సంస్థల కంప్యూటర్లు, సేవలందించు కంపెనీల కంప్యూటర్లు నేరుగా ఈ కేంద్ర వ్యవస్థకు అంకెలను పంపు ఏర్పాటు జరిగినది. ఇచ్చట ప్రభుత్వ సంస్థవారు ఒక వివేకమైన పద్ధతిని అవలంబించినారు. అసలు వ్యవస్థను పోలిన మరియొక వ్యవస్థను పరీక్షల కొరకు ప్రత్యేకముగా నెలకొల్పినారు. క్రొత్తగా చేరదలచిన కంపెనీ ముందు ఆ పరీక్షా వ్యవస్థలో నమోదు కావలెను. అందు కల్పిత భవనములను సృష్టించి, కల్పిత మీటర్లను అమర్చి, కల్పిత బిల్లులను పంపి, తిరిగి రప్పించి సరిచూచుకొనవలెను. అది సంతృప్తికరముగా జరిగిన పిదపనే నిజమైన భవనముల లెక్కలను ముట్టుటకు అనుమతి. నాటకమునకు ముందు రంగాలంకరణతో చేసికొను పూర్వాభ్యాసము వంటిది ఇది.

ఈ అభ్యాసములో దొరకు తప్పులు ఎట్టివి? మొదటిది కొలమానపు తప్పు. అమెరికాలో విద్యుత్తును మనవలెనే కిలోవాట్-అవర్ అను యూనిట్లలో కొలుతురు. గ్యాసును తరచుగా థెర్ములలో కొలుతురు. ఒక థెర్మునందలి శక్తి 29 యూనిట్ల విద్యుత్తునకు పైచిలుకు సమానము. 1,000 థెర్ములు వాడిన భవనపు అంకెను స్వీకరించు కంప్యూటరు 1,000 యూనిట్లుగా గ్రహించినచో, వాడకము 29వ వంతునకు తగ్గినట్లు కనబడును. అంకె మారలేదు; అర్థము మారినది. మరియొక వింత కూడ ఉన్నది. ఆంగ్లాక్షరమైన ఎమ్ అమెరికా గ్యాసు వర్తకములో వేయికి గుర్తు. శాస్త్రజ్ఞుల లెక్కలలో పది లక్షలకు గుర్తు. ఒకే అక్షరము ఇద్దరి చేతులలో వేయి రెట్ల భేదమును తెచ్చుచున్నది.

రెండవది కాలపు తప్పు. వసంతకాలమున గడియారములను ఒక గంట ముందునకు జరుపుట, శరత్కాలమున వెనుకకు జరుపుట ఆ దేశములోని చాల రాష్ట్రముల ఆచారము. కనుక ఏటికి ఒక దినమునకు 23 గంటలే ఉండును. మరియొక దినమునకు 25 గంటలు. ప్రతి దినమునకు 24 గంటలేయని నమ్మి వ్రాసిన సాఫ్ట్‌వేరు, మార్చిలో లేని గంటను కల్పించును. నవంబరులో ఉన్న గంటను మ్రింగును. ఏడాదిలో 363 దినములు సరిగా నడచుచున్నది గదా యని మెచ్చుకొనుట ప్రమాదము.

మూడవది మన ఇంటి మీటరును చూచినను తెలియునట్టిది. ఐదంకెల మీటరు 99,999 దాటిన పిమ్మట తిరిగి సున్నకు వచ్చును. నేటి అంకెనుండి నిన్నటి అంకెను తీసివేయుట మాత్రమే తెలిసిన సాఫ్ట్‌వేరు అప్పుడు భవనము విద్యుత్తును వాడుటకు బదులు తానే ఉత్పత్తిచేసినట్లు చూపును. మార్గమధ్యమున తీగ తెగి, ఒక నెల బిల్లు రెండుసార్లు పంపబడుట కూడ కలదు. రెండవసారి వచ్చినదానిని గుర్తింపక కలుపుకొన్నచో ఆ నెల వాడకము రెట్టింపగును.

అందుచేత మంచి పరీక్షకుడు సరియైన లెక్కను మాత్రమే పంపి తృప్తిపడడు. తప్పుడు లెక్కను కావలెననియే పంపును. రుణ సంఖ్యను, లేని తేదీని, పేరులేని మీటరును, రెండవసారి అదే బిల్లును పంపి చూచును. స్వీకరించు వ్యవస్థ వీనిని నిరాకరించి, ఎందుకు నిరాకరించినదో స్పష్టముగా చెప్పినప్పుడే ఉత్తీర్ణత. మౌనముగా మ్రింగినచో అపజయము. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు చాలునని మన ఇల్లాండ్రు ఎరుగుదురు. ఈ వంట అట్టిది కాదు. ఇందు ప్రతి మెతుకును పట్టి చూడవలెను; వంటవాడు మారినప్పుడెల్ల మరల మొదటి మెతుకునుండి చూడవలెను. సాఫ్ట్‌వేరులో ఏ చిన్న మార్పు చేసినను పాత పరీక్షలన్నిటిని తిరిగి నడుపుట అందుచేతనే ఆచారమైనది.

భవనముల యజమానులకే గాక సామాన్య గృహస్థునకు కూడ తన వాడకపు లెక్కపై హక్కు కలదన్న భావము తరువాత బలపడినది. 2011లో అమెరికా ప్రభుత్వమున ముఖ్య సాంకేతికాధికారిగా ఉండిన, భారతీయ సంతతికి చెందిన అనీశ్ చోప్రా, వినియోగదారునకు అతని లెక్కను ఒక్క మీట నొక్కిన మాత్రమున ఇవ్వవలెనని విద్యుత్ సంస్థలను కోరినారు. 2012 జనవరిలో కాలిఫోర్నియాలోని సంస్థలు ఆ కోరికను మొదట చెల్లించినవి. గ్రీన్ బటన్ అని దానికి పేరు. కెనడాలోని అంటారియో రాష్ట్రమువారు 2021లో నిబంధన చేసి, 2023 నవంబరు 1వ తేదీనాటికి తమ విద్యుత్, గ్యాసు సంస్థలు దీనిని అమలుపరుపవలెనని గడువు విధించినారు.

ఈ ఏర్పాటులో ఒక నాజూకైన అంశమున్నది. గృహస్థుడు కోరినచో తన లెక్కను పొదుపు సలహాలిచ్చు కంపెనీకి నేరుగా పంపించుకొనవచ్చును. వలదనుకొన్ననాడు ఆ అనుమతిని ఉపసంహరించుకొనవచ్చును. గంటగంటకు వాడిన విద్యుత్తు లెక్కను చూచినచో, ఇంటివారు ఎప్పుడు నిద్రలేచుచున్నారో, ఎన్ని దినములు ఊరిలో లేరో తెలిసిపోవును. కాబట్టి లెక్క చేరినదా యని పరీక్షించిన మాత్రమున సరిపోదు. అనుమతి రద్దయిన మరుక్షణమున తలుపు నిజముగా మూసికొన్నదా యని కూడ పరీక్షింపవలెను. తెరచుకొను తలుపును అందరును పరీక్షింతురు. మూసికొనవలసిన తలుపును పరీక్షించువాడే గృహస్థునకు నిజమైన మిత్రుడు.

ఈ చరిత్రను చూచినప్పుడు మన అంగళ్లలోని తూనిక రాళ్లు జ్ఞప్తికి వచ్చును. పూర్వము కుంచమును, మానికయు ఊరూరికి భేదించుచుండెడివి. 1956లో మన పార్లమెంటు చట్టము చేసి, మెట్రిక్ కొలతలను దేశమంతటికి ఒక్కటిగా నిర్ణయించినది. అంతటితో కొనువానికి ధైర్యము వచ్చినదా? రాలేదు. ఎప్పటికప్పుడు అధికారి వచ్చి అంగడిలోని రాయిని అసలు తూకముతో సరిచూచి ముద్ర వేసినప్పుడే ధైర్యము వచ్చినది. భవనముల లెక్కలకును న్యాయము ఇదియే. 8 సంవత్సరముల వాదముతో ఒక ఉమ్మడి భాష పుట్టినది. అందరును దానికి తలయూపినారు. కాని ఒక యంత్రము పలికిన అంకె మరియొక యంత్రమునకు అదే అర్థముతో చేరినదని నమ్మకము కుదిరినది మాత్రము, పరీక్షాశాలలలో తప్పులను ఓపికతో వెదకిన ఇంజనీర్ల వలన. ద్వారముపై అంటించిన అక్షరమునకు గాని, మన చేతికి వచ్చు బిల్లునకు గాని విలువనిచ్చునది ఆ వెదకులాటయే.